తేనె వరస

అనగనగా ఒక అడవిలో, వానాకాలం పోతూ పోతూ వదిలేసి వెళ్లిన చిన్న జలపాతం ఉండేది. దాని కింద నున్నటి జారుడుబండ. పైనుంచి జారితే బుడుంగున మడుగులో పడొచ్చు. ఎలుగుబంటి మామ వంతులు చూసేవాడు. ముందున్నవాళ్ల తోక పట్టుకుని నిలబడాలి. తోక వదిలితే వంతు పోయినట్టే.

ముంగిస చుక్కి, దాని స్నేహితురాలు తాబేలు నిదానం పొద్దున్నే వచ్చి వరసలో చేరాయి. నీళ్లు సన్నబడుతున్నాయి. ఆగిపోయేలోగా కలిసి ఒక్కసారైనా జారాలని వాటి ఆశ.

అంతలో ఎలుగు మామకి ఒక ఆలోచన వచ్చింది. తేనెపట్టు తెచ్చినవాళ్లకి పక్క దారి. వాళ్లు అయ్యాకే మిగతావాళ్లు అన్నాడు.

ముందు దూది అనే కుందేలు తేనె తెచ్చి, చక్కా పోయి జారింది. చుక్కి కడుపులో నిప్పురవ్వ పడింది. తర్వాత అడవిపంది తన పిల్లలందరినీ తోలుకొచ్చింది, పిల్లకో పట్టు. రవ్వ మంటైంది. మళ్లీ దూదే వచ్చింది.

"ఏం చుక్కీ, ఇంకా ఇక్కడే పాతుకుపోయావా? నేను జారీ జారీ జలుబు కూడా తెచ్చుకున్నా" అని తుమ్మింది.

ఆ తుమ్ము చూసి కూడా చుక్కికి కుళ్లు పుట్టింది. ఆ జలుబు తనకెందుకు రాలేదని.

"ఇంకాసేపు ఓర్చుకోవే. మన ముందు నక్క ఒక్కతే ఉంది" అంది నిదానం.

"నీకేం, ఒళ్లంతా డిప్ప. మంట తగలదు" అని చుక్కి నక్క తోక వదిలేసి అడవిలోకి పరుగెత్తింది.

తేనెటీగలు కుట్టి ముక్కు వంకాయంత అయింది. అయినా పట్టు సాధించింది. తీరా వచ్చి చూస్తే తేనె వరస చాంతాడంత ఉంది. కడుపు మండినవాళ్లంతా తేనెకే పోయారు మరి. మామూలు వరస ఒక్క అడుగూ కదల్లేదు.

చుక్కి వంతు వచ్చేసరికి నీళ్లు దారంలా ఉన్నాయి. పక్కనే మామూలు వరసలోంచి నిదానం మెడ చాచింది.

"నన్నూ పట్టుకోవే, కలిసి జారుదాం."

ఒక పట్టుకి ఒక్కరేనన్నాడు ఎలుగు మామ, మూతి నాక్కుంటూ. చుక్కి నీళ్ల వంక చూసింది. కింద దూది చూస్తోంది.

"నువ్వు రేపు జారుదువులే" అంది చుక్కి. రేపు నీళ్లుండవని దానికి తెలుసు.

జారింది. బుడుంగు. అంతే. తల పైకెత్తేసరికి వెనకాల దారం తెగిపోయింది. బండ ఎండిపోతోంది.

మామూలు వరసలోని వాళ్లంతా కలిసి కిందికి దిగి ఇంటి దారి పట్టారు. మామ పొట్ట గురించి నక్క ఏదో అంటే, నిదానం డిప్ప అదిరేలా నవ్వింది. తడిసిన ఒంటితో, వాచిన ముక్కుతో చుక్కి వెనకే నడిచింది. ఎలా ఉందని ఎవరూ అడగలేదు. ఈసారి దాని కడుపు ఆ నవ్వుని చూసి మండింది. ఆ గుంపులో చోటు కావాలంటే ఎవరికి ఎంత తేనె ఇవ్వాలో దానికి తెలియలేదు.

నీతి: వంతు దాటినవాళ్లని చూసి కుళ్లుకుని మనమూ దాటితే, మన వెనక ఆగిపోయేది మనవాళ్లే.