కుడికాలి మేజోడు

డాక్టర్ తారకేశ్‌కి ఒక సంగతి అంతుపట్టడం లేదు.

జూట్ మిల్లులో పనిచేసే అప్పలనరసమ్మ చక్కెర జబ్బు మనిషి. ఎడమపాదం పుండుపడి ఆస్పత్రిలో చేరింది. కుళ్లినంత మేరా కోసి తీసేశాక, తారకేశే పుండులో స్పాంజి పెట్టి, పైన పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి, గొట్టంతో మిషన్‌కి తగిలించాడు. మిషన్ ఆగకుండా పుండులోని చెడునీటిని లాగేస్తూ వచ్చింది. తొమ్మిదో రోజుకి పాదం వాపు దిగింది. ఎర్రదనం పోయింది, వాసన పోయింది. పుండు అడుగున దానిమ్మ గింజల్లా కొత్త కండ పుట్టింది. గొట్టంలోకి వచ్చిన నీటిని పరీక్షకి పంపితే, అందులోనూ ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు, గుర్తులు సగానికి పైగా తగ్గాయి.

రక్తంలో మాత్రం ఆ గుర్తులు పెరిగాయి. సాయంత్రమయ్యేసరికి ఆమెకి ఒళ్లు వెచ్చబడుతోంది.

ల్యాబ్ వాళ్లదే పొరపాటని అతని నమ్మకం. ఈ మిషన్ మీద అతనొక వ్యాసం రాస్తున్నాడు కూడా. ఆ ఉదయం రౌండ్స్‌కి వచ్చిన గురువు డాక్టర్ జలాలుద్దీన్ ముందు కాగితాలన్నీ పెట్టి, రక్తపరీక్ష మళ్లీ చేయిద్దామా అని అడిగాడు.

జలాలుద్దీన్ కాగితాలు అందుకోలేదు. మంచం చివర కూర్చుని దుప్పటి తొలగించాడు. ఆమె కుడికాలికి ఉన్ని మేజోడు ఉంది. ఎప్పుడు వేసుకున్నావమ్మా అని అడిగాడు. మిషన్ పెట్టిన రోజునే, చలికి బాగుంటుందని కోడలు తొడిగిందట.

ఆయన సెలైన్‌తో తడుపుతూ మేజోడు మెల్లగా విప్పాడు. మడమ దగ్గర అది చర్మానికి అంటుకుపోయింది. కింద మడమంతా నల్లబడి ఉంది. ఎరుపు పిక్క దాకా పాకింది.

అప్పలనరసమ్మ వంగి చూసుకుంది.

"కాళ్లు ఎప్పుడో మొద్దుబారిపోనాయి, నాకేటీ నొప్పెట్టనేదు బాబూ," అంది. "ఎడంకాలు కింద పెట్టొద్దన్నారు గదా. బాత్రూముకి దీనిమీదే కుంటుకుంటా ఎల్లొస్తన్నాను."

కింద పెట్టొద్దని రోజూ చెప్పింది తారకేశే.

జలాలుద్దీన్ శిష్యుడి చెయ్యి పట్టుకుని ఆ పిక్క మీద ఆనించాడు. కాలిపోతోంది. అతను చెయ్యి వెనక్కి తీసుకోబోతే తీయనివ్వలేదు.

ఆ మధ్యాహ్నమే కుడికాలు మోకాలి కిందికి తీసేయాల్సి వచ్చింది. మత్తు ఇచ్చే ముందు ఆమె, మిల్లులో తనది నిలబడి చేసే పనని, ఇక రానిస్తారో లేదోనని అంది. 

ఆపరేషన్ అయ్యాక ఇద్దరూ చేతులు కడుక్కుంటున్నారు. కుళాయి కట్టేసి కూడా తారకేశ్ అక్కడే నిలబడిపోయాడు.

"ఇంతకీ మిషన్ పనిచేసినట్టా, చేయనట్టా సార్?"

"చేసింది," అన్నాడు జలాలుద్దీన్, తువ్వాలు అతని చేతికిస్తూ. "దానికి మనం అప్పజెప్పింది పుండునే."