నీళ్ళొస్తాయని చెప్పిన ఒటీలియా

ఐరోపా ఖండం నడుమ, మూడు రాజ్యాలు కలిసేచోట ఒక చిన్న కొండసీమ ఉండేది. దాన్ని ఏలే రాణికి ఒకటే దిగులు. పరదేశి వర్తకులు ఆ దారినే వస్తారు, గుర్రాలకు నీళ్ళు పట్టిస్తారు, రొట్టె తింటారు, వెళ్ళిపోతారు. ఎవరూ ఉండిపోరు.

అందుకని రాణి ఒక స్వాగతాధికారిని పెట్టింది. "మంచు కురిసేలోగా ఒక్క పరదేశి అయినా ఇక్కడ కార్ఖానా పెట్టాలి. లేదంటే నీ కచేరీ మూయించి అందులో కోళ్ళు పెంచుతాను" అంది.

అధికారి సరిహద్దులో తోరణం కట్టించాడు. బాకాలూదేవాళ్ళను ఎనిమిదిమందిని పెట్టాడు. ఈ సీమకే ఎందుకు రావాలో నూటొక్క కారణాలు రాయించాడు. మొదటిది, మూడు రాజ్యాల సంతలకూ ఒక్కరోజు ప్రయాణం. రెండోది, ఇక్కడి నది నేరుగా సముద్రానికి పోతుంది. మూడోది, ఇక్కడ కూరలమ్మే ఆవిడ కూడా మూడు భాషల్లో బేరమాడుతుంది. ఇవన్నీ నిజాలే. నలభై దాటాక నిజాలు అయిపోయాయి. అరవై రెండో కారణం, ఇక్కడి ఆవులకు సంగీతజ్ఞానం ఉంది.

ఆకులు రాలేకాలంలో గవరయ్య వచ్చాడు. మన తూర్పుతీరం నుంచి ఓడలెక్కి వచ్చిన బట్టల అద్దకం వర్తకుడు. పదేళ్ళుగా ఆ దేశాల్లో తిరిగి అక్కడి మాటలు నేర్చుకున్నాడు. అతని వెంట వచ్చిన పద్నాలుగు అద్దకంవాళ్ళ కుటుంబాలు సముద్రపు రేవులో కాచుకుని ఉన్నాయి. అంతకుముందు ఒకచోట అంతా బాగుందంటే నమ్మి దిగారు. అక్కడి నీళ్ళలో ఎర్రబట్ట ముంచితే బురదరంగు తేలింది. మళ్ళీ మూటలు కట్టుకున్నారు.

గవరయ్య నూటొక్క కారణాలూ ఓపిగ్గా విన్నాడు. ఆవుల దగ్గర మాత్రం కొంచెం దగ్గు వచ్చింది.

తర్వాత అధికారి అతన్ని ఏటి ఒడ్డుకు తీసుకెళ్ళాడు. చదునైన నేల, పచ్చటి గడ్డి, గలగలా పారే నీళ్ళు. గవరయ్య చిన్న గుడ్డపీలిక ముంచి, పిండి, ఎండకు పట్టి చూశాడు. ఎరుపు ఎరుపుగానే ఉంది. అతని మొహం విప్పారింది.

"ఇదే కావాలి" అన్నాడు.

అధికారి వెంటనే భూముల కచేరీ గుమాస్తాను పిలిపించాడు. ఆమె పేరు ఒటీలియా. ఇరవై రెండేళ్ళుగా అదే పని. కాగితాలూ ముద్రా పట్టుకుని వచ్చింది గానీ, ముద్రకు సిరా అంటించలేదు.

"అయ్యా, ఇక్కడ నీళ్ళొస్తాయి" అంది గవరయ్యతో.

"ఏటి ఒడ్డున నీళ్ళు రాక పాలొస్తాయా?" అని అధికారి పెద్దగా నవ్వాడు.

"మంచు కరిగినప్పుడు గట్టు దాటి వస్తాయి. రండి, చూపిస్తాను."

దగ్గర్లోనే పాడుబడ్డ పిండిమర ఉంది. దాని గోడ మీద నీళ్ళు నిలిచిన గీతలున్నాయి. ఒకటి గవరయ్య మోకాలిదాకా వచ్చింది. ఇంకొకటి ఛాతీదాకా. మూడోదాన్ని తాకడానికి అతను చెయ్యి పైకెత్తాల్సి వచ్చింది. చెయ్యి దించలేదు చాలాసేపు. రేవులో ఉన్న పసిపిల్లలు గుర్తొచ్చారు.

"మరి ఎక్కడ పెట్టమంటావమ్మా?"

"ఎగువన, వంపు దగ్గర. నీళ్ళు ఇవే. కానీ దారి బాగుండదు. చలికాలంలో ఆరు వారాలు బండి కదలదు. పక్కింటి ముసలాయన అందరితోనూ తగాదా పడతాడు. పొద్దున్నే మొదలుపెడతాడు."

అధికారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ ఉద్యోగం ఇవాళ్టితో సరి. ఇంటికి పో!"

ఒటీలియా కాగితాలు చంకన పెట్టుకుంది. "పోతాను. ఆయన ఇల్లు కట్టుకున్నాక చెబితే ఏం లాభమని ఇప్పుడే చెప్పాను."

"ఆగండి" అన్నాడు గవరయ్య. "ఏడు దేశాలు తిరిగాను. ఏదడిగినా ఓ, ఉంది అన్నారు. వద్దని చెప్పింది ఈమె ఒక్కతే. రేపు నాకు ఏ కష్టమొచ్చినా ఎవర్ని అడగాలో ఇప్పుడు తెలిసింది. ఈమె ఉంటే నేనూ ఉంటాను. లేకపోతే నా బండి కదులుతుంది."

"ఉంటుంది, ఉంటుంది! ఎక్కడికి పోతుంది!" అన్నాడు అధికారి.

చలికాలంలో ఆరు వారాలు బండి కదలలేదు. ముసలాయన పొద్దున్నే తగాదా మొదలుపెట్టాడు. మంచు కరిగాక దిగువ ఒడ్డున నీళ్ళు ఛాతీగీత దాకా లేచాయి. ఎగువ వంపు దగ్గర మాత్రం పద్నాలుగు ఇళ్ళ ముందూ పువ్వుల బట్టలు ఆరుతున్నాయి. ఆ ఎరుపు కళ్ళలో గుచ్చుకుంటోందని ముసలాయన దెబ్బలాటకు వచ్చి, నీలం దుప్పటి ఒకటి కొనుక్కుని పోయాడు.

రాణి అధికారిని మెచ్చుకుంది. అధికారికి రహస్యం దొరికిపోయింది. నూటొక్క కారణాల కాగితం చించేశాడు. పరదేశి ఎవరొచ్చినా, ఏ చోటు చూపించినా ఒకే మాట చెప్పాలని బంట్రోతులందరికీ నేర్పాడు.

వేసవిలో ఉత్తరదేశం నుంచి గాజుసామాను చేసే ఆవిడ వచ్చింది. కొండకొమ్ము వైపు వేలు చూపించి, "అక్కడ కొలిమి పెట్టుకోవచ్చా?" అని అడిగింది.

"అక్కడ నీళ్ళొస్తాయి!" అన్నారు బంట్రోతులు ఒక్క గొంతుతో.

ఆవిడ కొండకొమ్ము వైపు చూసింది. వాళ్ళ వైపు చూసింది. బండి వెనక్కి తిప్పింది.

ఒటీలియా సిరా చేతులతోనే కచేరీలోంచి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, అక్కడ నీళ్ళు రావు!"

"మరేమొస్తుంది?" అంది ఆవిడ, పగ్గాలు వదలకుండా.

"గాలి. విపరీతంగా వస్తుంది. కిందటేడు ఒక పశువులకొట్టం కప్పు లేచిపోయి పక్క రాజ్యంలో పడింది. ఇప్పటికీ వాళ్ళు తిరిగివ్వలేదు."

"అంత గాలా? అయితే కొలిమికి తిత్తులూదే పనే లేదు" అంటూ ఆవిడ బండి దిగింది.