రాయి లేపిన కూత

ఒకానొక రాజ్యం. పేరు మాత్రం అడక్కండి, చెబితే ఆ ఊరివాళ్ళు నన్ను బతకనివ్వరు. ఆ రాజ్యాన్ని ఉద్దండరాయలనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే పొగడ్త చెవిన పడితే ఇక నేల మీద నిలిచేవాడు కాదు. తన మీసాల మీద తానే నూటెనిమిది పద్యాలు రాసుకున్నాడు. వాటిని సభలో చదివిస్తుంటే, ఆవలింత వచ్చినవాళ్ళు ఉత్తరీయం అడ్డం పెట్టుకునేవారు.

ఆ పద్యాలకు భేష్ భేష్ అనే పెద్దదిక్కు ఆస్థాన పండితుడు విరూపాక్ష సోమయాజి. చదువుకున్నవాడే, కాదనను. కానీ తనకు తెలియనిది లోకంలోనే లేదనుకునే రకం. ఒకనాడు ఆయన రాజు చెవిలో ఒక మాట వేశాడు.

"ప్రభూ, మన రాజ్యంలో ప్రతివాడూ నోరు తెరిచి ఏదో ఒకటి కూస్తున్నాడు. వడ్లు దంచేది కూస్తుంది, నాట్లు వేసేది కూస్తుంది, బండి తోలేవాడు కూస్తాడు. రేపు వీళ్ళంతా మాదీ సాహిత్యమేనంటే, తమ మీసాల కావ్యం పక్కన పీట వేసి కూర్చోబెట్టాలా? సాహిత్యమంటే ఏమిటో ఒక్కసారి రాతి మీద చెక్కించి పడేస్తే పీడ విరగడైపోతుంది."

తన పద్యాల పక్కన రోకటిపాట కూర్చున్నట్టు తలచుకోగానే రాజుకు ఒళ్ళు మండింది. వెంటనే పన్నెండు మూరల నల్లరాయి తెప్పించాడు. దాని మీద సోమయాజి ఇలా చెక్కించాడు: "సాహిత్యము మూడు విధములు. పద్యము, వచనము, నాటకము. తక్కినదంతా కూత." కింద రాజముద్ర. ఆ రాయి కోట ముందు నిలబడిన క్షణం నుంచి, పాటల పేరు చెప్పి ఎవరెవరు మాన్యాలు అనుభవిస్తున్నారో ఆ భూములన్నీ దివాణానివేనని దండోరా కూడా వేయించారు.

ఆ దండోరా విని గుండెలో రాయి పడ్డవాడు గురవయ్య. బండరాళ్ళెత్తే ముఠాకు పాట అందించే ముసలివాడు. అతను ఒక మాట అంటే నలభై మంది వంత పలికి ఒక్క ఊపున మోకులు లాగుతారు. కోట సింహద్వారం దూలాలెత్తిన రోజున అతని తాత పాడిన పాటకు మెచ్చి అప్పటి రాజు రెండెకరాల చేను ఇచ్చాడు. ఆ ఇంటి పొయ్యి వెలిగేది ఆ చేనుతోనే. ఇప్పుడీ రాయిని నిలబెట్టే పని కూడా అతని ముఠాకే వచ్చింది చూడండి.

గురవయ్య నేరుగా పానకాలు దగ్గరికి పోయాడు. పానకాలు రాజుకు తమలపాకులు చుట్టి అందించే ఉద్యోగి. ఎప్పుడూ రాజు మోచేతి పక్కనే ఉంటాడు కాబట్టి, ఆకుకు సున్నంతో పాటు అప్పుడప్పుడు ఒక చురక కూడా రాసి అందిస్తాడని పేరు.

"సామీ, నా చేను లాక్కునే రాయిని నా నోటితోనే లేపాలంట. ఇదెక్కడి న్యాయం?" అన్నాడు గురవయ్య. గట్టిగానే అన్నాడు గానీ, పైపంచెతో కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"లేపమన్నారు గానీ నోటితో లేపమన్నారా?" అన్నాడు పానకాలు. "రేపు ఒళ్ళు దాచుకోకుండా లాగండి. నోరు మాత్రం ఎవరూ విప్పొద్దు. తక్కింది నేను చూసుకుంటాను."

ఆ సాయంత్రం రాజుకు ఆకు అందిస్తూ, "ప్రభూ, పాటలు కూతలని చెప్పే రాయిని కూతలు పెడుతూ నిలబెడితే పొరుగు రాజ్యాల దూతలు నవ్విపోతారు. రేపు కోట ముందు సాహిత్యం తప్ప మరొకటి వినబడకూడదని ఆజ్ఞ వేయించండి" అన్నాడు. రాజు మీసం దువ్వుకుని సరేనన్నాడు. సోమయాజి కూడా తలూపాడు. ఆ తలూపడమే ఆయన కొంప ముంచింది.

మర్నాడు పొద్దున్నే జనం చేరారు. దూతలు గద్దెల మీద కూర్చున్నారు. పొద్దు నడినెత్తికి వచ్చేలోగా రాయి నిలబడాలి, తప్పితే మళ్ళీ ఏడాది దాకా ముహూర్తం లేదు. ఆ ముహూర్తం పెట్టింది కూడా సోమయాజే.

నలభై మందీ నోళ్ళు కుట్టుకుని మోకులు పట్టారు. ఒకడు ముందు లాగాడు, ఒకడు వెనక లాగాడు, మరొకడు అప్పుడే చేతుల్లో ఉమ్మేసుకుంటున్నాడు. రాయి దున్నపోతులా పడుకునే ఉంది.

"ఏమిరా, తిండి తినలేదా?" అన్నాడు రాజు.

"తిన్నాం దొరా. అందరం ఒక్కసారి ఎప్పుడు లాగాలో తెలవడం లేదు" అన్నాడు గురవయ్య.

"దానికేం ప్రభూ, మనకు మూడు విధాల సాహిత్యం ఉందిగా. సోమయాజిగారు ఒక పద్యం అందిస్తే సరి" అన్నాడు పానకాలు.

సోమయాజి గొంతు సవరించుకుని పెద్ద శార్దూలం ఎత్తుకున్నాడు. గొప్పగా చదివాడు. యతి దగ్గర ఆయన ఆగగానే సగం మంది లాగారు, పాదం చివర తక్కిన సగం లాగారు. రాయి అటు జానెడు జరిగి, ఇటు జానెడు జరిగి, మొదటి చోటికే వచ్చింది.

"అయితే వచనం" అన్నాడు రాజు.

సోమయాజి ఒక వాక్యం మొదలుపెట్టాడు. మన వాక్యానికి క్రియ చివర గదా వచ్చేది. లాగమంటాడో వదలమంటాడో తెలియక పాపం వాళ్ళు మోకులు బిగబట్టి కాచుకున్నారు. ఆ వాక్యం కోట చుట్టూ తిరిగి, రాజుగారి ముత్తాత దాకా పోయి, తిరిగొచ్చేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. తీరా వచ్చిన క్రియ ఏమిటయ్యా అంటే, "విరాజిల్లుచున్నది."

ఇక నాటకం. ఆస్థాన నటులు వచ్చారు. నాంది అయింది. సూత్రధారుడు నటితో సరసమాడాడు. ఆ పైన నలుగురు నటులు లేని మోకులు పట్టి, లేని రాయిని అద్భుతంగా లేపారు. ఒకడికైతే నిజంగానే చెమటలు పట్టాయి. రాజు మైమరచి చప్పట్లు కొట్టి, కొడుతూ కొడుతూ నేల వైపు చూశాడు. అసలు రాయి హాయిగా పడుకునే ఉంది.

నీడలు కాళ్ళ కిందికి వచ్చేస్తున్నాయి. దూతలు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటున్నారు. రాజు ముఖం కందగడ్డైంది.

"ఒరే పానకాలూ, ఏదో ఒకటి చెయ్యరా. పరువు పోయేట్టుంది."

"ఇంకొకటి ఉంది ప్రభూ. కానీ అది సాహిత్యం కాదని తమ ముద్ర పైనే రాసుంది."

"రాసుంటే రాసుంది, ముందు రాయి లేవాలి. గురవయ్యా, పాడు."

గురవయ్య చేతులు జోడించాడు. "మారాజా, నేను పాడితే రాయి లేస్తది. రాయి లేస్తే నా చేను పోతది. నా గొయ్యి నన్నే తవ్వుకోమంటే ఎట్టా దొరా?"

"ఎంత పొగరు నీకు" అన్నాడు సోమయాజి. రాజు ఆయన్ను చేత్తోనే ఆపాడు. బొబ్బలెక్కిన అరచేతులను చూశాడు, తన తాత కట్టించిన సింహద్వారం దూలాల వైపు చూశాడు. రాజుకు సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది.

"నీ చేను నీదే, నీలాంటి వాళ్ళందరి చేలూ వాళ్ళవే. ఇది నా మాట" అన్నాడు. తర్వాత పానకాలు వైపు తిరిగి, "మరి రాతి మీద రాత మాటేమిట్రా? చెరిపిస్తే ముద్రకే మచ్చ" అని గొణిగాడు.

"చెరపడమెందుకు ప్రభూ? రాయి ఎలాగూ పడుకునే ఉంది. అడుగున జానెడు చోటుంది. ఇంకొక్క మాట చెక్కిద్దాం" అని పానకాలు చెవిలో ఏదో చెప్పాడు. రాజు మీసాలు మొదట అదిరాయి, ఆ పైన పొట్ట కదిలింది, చివరికి పగలబడి నవ్వాడు. శిల్పిని పిలిచి చెక్కించాడు. చిన్న వరసే కాబట్టి ఎంతోసేపు పట్టలేదు.

గురవయ్య తలపాగా బిగించి గొంతెత్తాడు.

"రాచవీధి రాయమ్మా, పొద్దెక్కె లేవమ్మా!"

"ఐలేసా!" అన్నారు నలభై మంది. రాయి తల ఎత్తింది.

"అలిగి పండుకుంటివా, అత్త పిలిచె లేవమ్మా!"

"ఐలేసా!" రాయి మోకాటి ఎత్తు లేచింది. జనం కూడా అందుకున్నారు. రాజు ఉండబట్టలేక ఉత్తరీయం నడుముకు చుట్టి తానూ ఒక మోకు పట్టాడు.

"మీసాల మారాజు మోకు పట్టెనమ్మా!"

"ఐలేసా!" రాయి గుంటలో దిగి నిటారుగా నిలబడింది. ఆ చివరి ఐలేసాలో సోమయాజి గొంతు కూడా కలిసిందని పక్కనున్నవాళ్ళు ఒట్టేసి చెబుతారు.

దూతల్లో ఒకడు దగ్గరికొచ్చి పైకి చదివాడు. "సాహిత్యము మూడు విధములు. పద్యము, వచనము, నాటకము. తక్కినదంతా కూత." కాస్త ఆగి అడుగున రాతిపొడి ఇంకా వదలని కొత్త వరస చదివాడు. "ఈ రాతిని లేపినది ఆ కూతే."

కోట కోటంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వినవాడు రాజే.

"సోమయాజిగారూ, చిన్నబుచ్చుకోకండి" అన్నాడు పానకాలు. "మీ శార్దూలం చక్కగా ఉంది, సభలో చదవండి, చెవులప్పగించి వింటాం. దేని చోటు దానిది. నలభై మందిని ఒక్క మనిషిని చేసిన మాటను మాత్రం కూత అనకండి."

ఆ వారమే సోమయాజి గురవయ్య గుమ్మం ముందు తాటాకులు, గంటం పట్టుకుని కనిపించాడట.

రాజు గురవయ్య చేనుకు ఆనుకుని ఉన్న మరో ఎకరం రాసిచ్చాడు. పానకాలును ఏం కావాలో కోరుకోమంటే, "ఇరవై ఏళ్ళుగా చుట్టి ఇవ్వడమే గానీ ఒకరు చుట్టిస్తే తిన్న పాపాన పోలేదు ప్రభూ" అన్నాడు. రాజు నవ్వి, నిండు కొలువులో స్వయంగా ఆకు చుట్టి అతని చేతిలో పెట్టాడు. సున్నం ఎక్కువై పానకాలు నోరు మూడు రోజులు పొక్కింది, అయినా ఆకు బ్రహ్మాండంగా ఉందన్నాడు.

ఆ రాయి ఇప్పటికీ ఒక పక్కకు కాస్త ఒరిగి ఉంటుందని చెబుతారు. రాజు మోకు పట్టింది అటువైపే మరి. ఆయన ఐలేసా ఒక్క క్షణం ఆలస్యంగా అన్నాడు.