గంట కొట్టే పిల్ల

నిరంజనయ్య గారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "మీ ఇంటికి భోజనానికి వస్తాను, అక్కడ చూద్దాం" అనేవారు. అందుకని శిష్యుల్లో కొందరు ముందు ఇంట్లో ఆడవాళ్ల వీలు కనుక్కుని, ఆ తర్వాతే సందేహాలు తెచ్చుకునేవారు.

మార్కండేయులు అనే శిష్యుడి ప్రశ్న మాత్రం అలాంటి జంకు లేకుండా వచ్చింది. ఆయనకు ఎనిమిదిమంది పిల్లలు. ఎవరినీ బడికి పంపకుండా ఇంట్లోనే తానూ భార్య సుభద్రా చదువు చెప్పుకుంటున్నారు. పొద్దున లేచింది మొదలు దీపాలు పెట్టేదాకా ఎవరు ఎప్పుడు ఏం చేయాలో ఆయన ఒక పట్టిక రాసి గోడకు అంటించాడు. ఒకరు లెక్కలకు కూర్చుంటే ఇంకొకరు కూరలు తరగాలి, చిన్నవాళ్లు అక్షరాలు దిద్దుతుంటే పెద్దవాళ్లు బట్టలు మడవాలి. పిల్లల్ని ఇంట్లో చదివించుకునే తల్లిదండ్రులు పక్క ఊళ్లనుంచి కూడా వచ్చి ఆ పట్టిక రాసుకుపోయేవారు. అటువంటి మనిషి ఒకనాడు గురువుగారి ముందు చేతులు కట్టుకుని, "స్వామీ, ఇంత క్రమంలో నడిచే ఇంట్లో ఇంకా దిద్దుకోవలసింది ఏమైనా ఉంటుందా?" అని అడిగాడు. మాట వినయంగానే ఉంది. లోపల కోరుకున్నది మెచ్చుకోలు.

గురువుగారు మర్నాడే వెళ్లి వసారాలో పీట వేసుకుని కూర్చున్నారు. నిజంగానే ఇల్లు చూడముచ్చటగా నడుస్తోంది. గడియారం కింద, గుమ్మం పక్కన, ఎనిమిదేళ్ల నాలుగో పిల్ల అలివేలు చిన్న ఇత్తడి గంట పట్టుకుని నిలబడింది. వేళ కాగానే గంట కొడుతుంది. వినిపించుకోనివాళ్లను వెళ్లి పిలుస్తుంది. చిన్నవాడి పలక ఎక్కడుందో, పెద్దవాడి పెన్సిలు ఎక్కడ దొర్లిందో దానికే తెలుసు. "ఈ పిల్ల లేకపోతే మాకు పూట గడవదు స్వామీ" అని సుభద్ర మురిసిపోయింది.

భోజనానికి ముందు గురువుగారు పిల్లలందరినీ తలా నాలుగు వాక్యాలు చదవమన్నారు. తెలుగు వాచకంలో కుమ్మరి పాఠం. పెద్దవాళ్లు గడగడా చదివారు, చిన్నవాళ్లు తడబడ్డారు, మార్కండేయులు అక్కడక్కడా సరిదిద్దాడు. అలివేలు భోజనాల గంట కొట్టబోతుంటే గురువుగారు, "నువ్వూ చదువు తల్లీ" అన్నారు.

అది గంటను చప్పుడు కాకుండా కింద పెట్టింది. పుస్తకం తీసుకుని, ఒక్కచోట కూడా ఆగకుండా, అందరికన్నా బాగా చదివింది. తండ్రి మొహం వెలిగిపోయింది. అంతలో పక్కనున్న తమ్ముడు తొంగిచూసి, "అక్కా, కుమ్మరి పాఠం అక్కడ లేదు. అది ముందుమాట" అన్నాడు.

పిల్లలు కిసుక్కున నవ్వారు. మార్కండేయులు నవ్వలేదు. పుస్తకం తన చేతిలోకి తీసుకుని ఒక అక్షరం మీద వేలు పెట్టి, ఇదేమిటమ్మా అని అడిగాడు. అలివేలు గడియారం వైపు చూసి, భోజనాల వేళ దాటిపోతోంది నాన్నా అంది. ఆయన మళ్లీ అడిగాడు.

"నేను కూర్చునే వేళ ఏదో ఎవరూ చెప్పలేదు నాన్నా," అంది అలివేలు. "అడుగుదామనుకునేసరికి ఇంకో గంట కొట్టే వేళయ్యేది."

అక్షరాభ్యాసం అయిన కొత్తలో ఇంట్లో పసిబిడ్డ పుట్టడంతో, ఈ పిల్ల బుద్ధిమంతురాలని నాలుగు రోజులకని గంట దాని చేతికిచ్చారు. ఆ నాలుగు రోజులు ఏళ్లయ్యాయి. దానికి తల్లి చదువు చెబుతోందని తండ్రి అనుకున్నాడు. పెద్దకూతురు చెబుతోందని తల్లి అనుకుంది. పెద్దకూతురికి ఆ పని ఎవరూ చెప్పనేలేదు. అల్లరిచేసే పిల్ల అయితే ఎప్పుడో ఎవరి కంటనో పడేది. ఇది గుమ్మం దగ్గర నిలబడి, అందరి పాఠాలూ చెవిన పట్టి, నోటికి నేర్చుకుంది.

మార్కండేయులుకు తల కొట్టేసినట్టయింది. పట్టిక చూడటానికి వచ్చినవాళ్లందరికీ ఈ పిల్లనే చూపించి, గడియారం ఒక్క క్షణం తప్పినా మా అలివేలు తప్పదని గొప్పగా చెప్పుకున్నాడు. ఆ మాటలన్నీ ఇప్పుడు వరసగా చెవుల్లో మోగాయి. పోనీ పిల్ల ఏడ్చినా, తన మీద కోప్పడినా బాగుండేది. అది తప్పు తనదే అన్నట్టు తల వంచుకుని, మొదటి పేజీలు తిప్పడం మరిచిపోయానంది. సుభద్ర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ పూట గురువుగారు తృప్తిగా భోజనం చేశారు గానీ, ఆ ఇంటి పెద్దలిద్దరూ అన్నం కలిపి వదిలేశారు.

గురువుగారు బయలుదేరుతుంటే మార్కండేయులు వీధి గుమ్మందాకా వెంట వచ్చాడు. కళ్లెత్తి చూడటానికి మొహం చెల్లడం లేదు. సిగ్గుతో చచ్చిపోతున్నానన్నాడు. ఈ రాత్రే పట్టిక చించేసి కొత్తది రాస్తానన్నాడు. "అందరికన్నా ముందు దాని చదువే స్వామీ. రేపటినుంచి పొద్దున్నే, మొదటి గంట మోగగానే, అలివేలు వచ్చి నా పక్కన కూర్చుంటుంది."

గురువుగారు చెప్పులు తొడుక్కుంటూ ఆగారు.

"మంచిది నాయనా. ఆ గంట ఎవరు కొడతారు?"