పైడమ్మ కాచిన తొలి సారా

పూర్వం ఒక రాజ్యంలో ఇంట్లో సారా కాచినవాళ్లను ఊరి నుంచి వెళ్లగొట్టేవారు. మతిమరుపు పైడమ్మ మోకాళ్ల నొప్పులకని మొదటిసారి కాచి, కుండతో సహా సుంకాధికారి వీరభద్రయ్యకు దొరికిపోయింది.

"ఇది సారాయే, ప్రభూ!" అన్నాడతను కొలువులో మీసం దువ్వుతూ.

బెల్లం లేనిదే మత్తు రాదు. అది వేసిందో లేదో పైడమ్మకు ఎంతకీ గుర్తురాలేదు. అయినా చేతులు జోడించి, "ముంతెడు ఆ అయ్యగారినే తాగమనండి, బాబూ. తూలితే సారా, తూలకపోతే కషాయం" అంది.

రాజు సరేనన్నాడు. నిండు కొలువులో తూలి ఆ అధికారి పరువు పోగొట్టుకుంటాడా? వీరభద్రయ్య తాగి, కట్టుకొయ్యలా బిగుసుకుని నిలబడ్డాడు.

"కషాయమే! ఇంటికి వెళ్లమ్మా" అన్నాడు రాజు.

దారిలో చెమట తుడుచుకోబోతే కొంగున ముడి తగిలింది. విప్పితే, కుండలో వేయాల్సిన బెల్లం!

"ఓసి నా మతి మండా! పాపం, అయ్యగారు అంతసేపు ఊరికే బిగుసుకున్నారే!"