పట్టపగలు వెలిగిన బ్యాటరీ

ఎర్రగుట్ట పక్కన జంతువులు తమంతట తాము కట్టుకున్న వాడ ఒకటుంది. వరసగా పాకలు, మధ్యలో నీళ్ల తొట్టి, దానికొక మోటారు, పాకపాకకూ ఒక దీపం. అన్నిటికన్నా విలువైనది చివరి పాకలోని పొదుగు పెట్టె. కోళ్లూ బాతులూ పగలంతా పొలం పనులకు పోవాలి కనుక, ఎవరి గుడ్లు వాళ్లు పొదగడం మానేసి అందరి గుడ్లూ ఆ పెట్టెలోనే పెట్టేవి. లోపల కరెంటు వేడి. దానికి కాపలా చుక్కమ్మ అనే కుంటి కోడి. ఈసారి ఆమె గుడ్లు కూడా అందులోనే ఉన్నాయి.

చిక్కంతా కరెంటుతోనే. గాలి వీస్తే తీగ తెగేది, వాన పడితే లైను పోయేది. పెట్టె చల్లబడితే లోపలి పిల్లలు బతకవు. అందుకే వానలు ముదిరేలోగా కప్పు మీద సోలార్ ప్లేట్లు, కింద ఒక మంచి బ్యాటరీ పెట్టించుకోవాలని వాడంతా తీర్మానించింది. ఎంచి తెచ్చే బాధ్యతను వాడ పెద్ద కొమ్మురాయుడికి అప్పగించారు. కొమ్మురాయుడు పొట్టేలు.

అతను చెడ్డవాడు కాదు. దొంగ కాదు, సోమరీ కాదు. అయితే "నాకు తెలియదు" అనే మాట అతని నోట ఇంతవరకు ఎవరూ వినలేదు. అదొక్కటే అతని జబ్బు.

తోడుగా బూరన్న అనే ముసలి ఎద్దును తీసుకుని, చెరువు గట్టున బ్యాటరీలు అమ్మే తాబేలు తాత దగ్గరికి వెళ్లాడు.

తాత తల బయటపెట్టి, "ప్లేట్లు ఎవరి దగ్గరైనా దొరుకుతాయి నాయనా, బ్యాటరీ దగ్గరే జాగ్రత్త. కరెంటు పోతే మీ వాడలో ఏది ఆగకూడదు?" అని అడిగాడు.

"ఏదీ ఆగకూడదు" అన్నాడు రాయుడు.

"అన్నీ నడవాలంటే కొండంత బ్యాటరీ కావాలి. తప్పక నడవాల్సింది ఏదో చెప్పు. అది ఎంత కరెంటు తింటుంది? లైను పోతే తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుంది? రెండు మూడు రోజులు మబ్బు పడితే ఏం చేస్తారు?"

రాయుడికి ఒక్కదానికీ జవాబు తెలియదు. కొమ్ముల దాకా వేడెక్కింది.

"నేను సరుకు కొనడానికి వచ్చానా, పరీక్ష రాయడానికి వచ్చానా?"

"అడగకుండా అంటగడితే రేపు నువ్వే నన్ను తిడతావు. వాడలో కనుక్కుని రా. అప్పుడు మాట్లాడుకుందాం" అని తాత తల లోపలికి లాక్కున్నాడు.

దారిలో బూరన్న అన్నాడు: "తాత అడిగినదాంట్లో తప్పేముంది రాయుడూ? చుక్కమ్మనడిగితే సగం చెబుతుంది."

"నేను పోయి ఓ కోడినడగాలా? పెద్దరికం ఏం కావాలి?"

బూరన్న ఊరుకున్నాడు. ఊరుకోవడం అతనికి అలవాటు. అందరూ దాన్ని ఓర్పు అనేవారు.

మలుపులో ఒక నక్క నీలంరంగు పెట్టె ముందు పెట్టుకుని కూర్చుంది. రాయుణ్ణి చూడగానే లేచి నిలబడింది.

"ఎవరూ, ఎర్రగుట్ట రాయుడుగారా! మీలాంటివాళ్లు వస్తారనే దీన్ని ఎవరికీ ఇవ్వకుండా ఉంచాను. అచ్చమైన లిథియం బ్యాటరీ. కిలోవాట్ల లెక్కలూ బ్యాకప్పుల సంగతులూ తమకు నేను చెప్పేదేముంది?"

"అవునవును" అన్నాడు రాయుడు. "నేను అనుకున్నదీ ఇదే."

"చూశారా! తెలిసినవాళ్లకు అమ్మడం ఎంత హాయి!"

నక్క ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. రాయుడికి అది మర్యాదగా తోచింది. మర్నాడు ప్లేట్లు కూడా తెచ్చి బిగించి చూపిస్తాననీ, నచ్చితేనే వాడ కొట్టులోని వేరుశనగ మూటలు తీసుకుంటాననీ నక్క చెప్పింది.

మర్నాడు ఎండ నెత్తిన కాస్తుండగా నక్క కప్పు మీద ప్లేట్లు బిగించి, నీలంపెట్టెకు తీగలు కలిపి, వాడంతటినీ పిలిచింది.

"లైను కరెంటు ఆపేయండి. ఇక నా బ్యాటరీని చూడండి!"

మీట నొక్కింది. మోటారు తిరిగింది. దీపాలన్నీ వెలిగాయి. పొదుగు పెట్టె వేడెక్కింది. బాతులు రెక్కలు కొట్టుకున్నాయి. మేకలు గెంతాయి. రాయుడు, తానే ఆ కరెంటు పుట్టించినట్టు మెడ నిక్కించాడు.

చుక్కమ్మ కుంటుకుంటూ ముందుకు వచ్చింది.

"నాయనా, పైన ఎండ కాస్తోందిగా. ఈ వెలుగు ప్లేట్లదో బ్యాటరీదో ఎలా తెలుస్తుంది? ఆ ప్లేట్ల తీగ ఒక్కటి ఊడదీసి చూపించు. లేదా సాయంత్రం దాకా ఉండు, పొద్దు వాలాక చూద్దాం."

నక్క తోక ఒక్క క్షణం కదలలేదు. తర్వాత రాయుడి వైపు తిరిగి మెల్లగా అంది: "మీ వాడలో మీ మాటకు విలువ ఇంతేనన్నమాట. నాకు తెలియక వచ్చాను, రాయుడుగారూ."

రాయుడు కాలు నేలకేసి కొట్టాడు. "గింజలు ఏరుకునేదానివి, నీకెందుకే లిథియం సంగతి? గుడ్ల మీద కూర్చోవడం కూడా మరిచిపోయినదానివి, నాకు బుద్ధి చెబుతావా?"

అందరూ గొల్లున నవ్వారు. చుక్కమ్మ వెనక్కి తగ్గింది. ఆమె అడిగింది న్యాయమని బూరన్నకు తెలుసు. రాయుడికి ఏమీ తెలియదనీ తెలుసు. నెమరు వేస్తూ నిలబడ్డాడు.

నక్క మూటలు బండికెత్తించుకుని, చీకటి పడకముందే వెళ్లిపోయింది.

కొన్నాళ్లు లైను సరిగా ఉంది. బ్యాటరీతో పని పడలేదు. వాడకు వచ్చినవాళ్లందరికీ రాయుడు నీలంపెట్టెను చూపించి "నా ఎంపిక" అనేవాడు.

ఒక సాయంత్రం ముసురు పట్టింది. గాలికి తీగలు తెగాయి. దీపాలు ఒకసారి ఆరి, నీలంపెట్టె మీద మళ్లీ వెలిగాయి. "చూశారా!" అన్నాడు రాయుడు. ఆ మాట పూర్తికాకముందే ఎర్రబారి, మినుకుమని, అన్నీ ఆరిపోయాయి.

చుక్కమ్మ కేక వేసింది. "పొదుగు పెట్టె చల్లబడుతోంది! రాయుడుగారూ, రండి!"

రాయుడు పరుగున వచ్చాడు. "ఏం కాలేదు, మీట ఒకటి నొక్కాలి అంతే" అని ఒక మీట నొక్కాడు. ఏమీ కాలేదు. ఇంకోటి నొక్కాడు. తీగ లాగాడు. నీలంపెట్టెను కొమ్ముతో పొడిచాడు. "కాస్త ఆగండి, లిథియం ఒక్కోసారి ఇలాగే చేస్తుంది" అన్నాడు. తల్లికోళ్లు చుట్టూ మూగి చూస్తున్నాయి. గుడ్లు చల్లబడుతున్నాయి. అతను ఇంకా నొక్కుతూనే ఉన్నాడు.

చివరికి చుక్కమ్మ అతనికి ఎదురుగా నిలబడింది.

"దీని సంగతి నీకు తెలుసా, తెలియదా? నా పిల్లలు లోపలున్నాయి. ఒక్క మాట చెప్పు."

అందరి కళ్లూ అతని మీదే. రాయుడు మీట మీది నుంచి కాలు తీశాడు.

"తెలియదు" అన్నాడు. "మొదటినుంచీ నాకేమీ తెలియదు."

"ఈ మాట ముందే అంటే ఈపాటికి వీటిని రెక్కల కింద పెట్టుకునేవాళ్లం కదయ్యా!" అని చుక్కమ్మ పొదుగు పెట్టె మూత ఎత్తింది. కోళ్లూ బాతులూ దొరికినన్ని గుడ్లు రెక్కల కిందికి లాక్కున్నాయి. అయినా ఇంకా మిగిలాయి. చుక్కమ్మ రాయుడి ఒంటివైపు చూసింది.

"పడుకో."

వాడ పెద్ద మారుమాట్లాడకుండా గడ్డిలో పడుకున్నాడు. మిగిలిన గుడ్లను అతని బొచ్చులోకి కుక్కారు. తెల్లవారేదాకా కాలు కదపలేదు, తల ఎత్తలేదు. బూరన్న వచ్చి గాలికి అడ్డంగా నిలబడ్డాడు.

"నాకు ముందే అనుమానం ఉంది, రాయుడూ. నోరు మెదపలేదు. నాది ఓర్పు కాదు, పిరికితనం" అన్నాడు.

పొద్దున నీలంపెట్టె విప్పి చూస్తే, ఎవరో వాడి పారేసిన పాత బ్యాటరీ ఒకటి, దాని చుట్టూ బరువు కోసం ఇసుక.

తర్వాత బూరన్నకు సంతలో నక్క కనిపించింది. ఎద్దు కొమ్ములు వంచేసరికి అది గోడ ఎక్కి కూర్చుంది.

"నా మీద కోపమెందుకు మామా? ఎవరైనా ఒక్క ప్రశ్న గట్టిగా అడిగితే పారిపోదామని ఆ రోజంతా పరుగుకు సిద్ధంగానే ఉన్నాను. కోడి అడిగింది కూడా. దాని నోరు నేను మూయించానా?"

బూరన్న తల దించుకుని తిరిగి వచ్చాడు.

గుడ్లు పగిలే రోజు వచ్చింది. చాలా పిల్లలు పెంకు పగలగొట్టుకుని బయటికి వచ్చాయి. కొన్ని గుడ్లు మాత్రం రానేలేదు. వాటిలో చుక్కమ్మవి ఉన్నాయి. కొమ్ములతో తానే గుంట తవ్వి రాయుడు వాటిని పూడ్చాడు.

"నన్ను నలుగురిలో తిట్టు, చుక్కమ్మా. ఆ రోజు నేను నిన్ను తిట్టినట్టే" అన్నాడు.

"తిడితే నీ బరువు దిగుతుంది" అంది చుక్కమ్మ. "దిగనివ్వను."

ఆమె కుంటుకుంటూ వెళ్లి ఇతరుల పిల్లలకు నూకలు చల్లసాగింది. రాయుడు ఆ గుంట దగ్గరే నిలబడిపోయాడు.

నీతి: తెలియదని చెప్పడానికి సిగ్గుపడేవాడు తన సిగ్గును దాచుకోలేడు, దాని ధరను ఇతరుల చేత కట్టిస్తాడు.