చప్పుడు చేయని బంతి

జ్ఞానేశ్వర్‌కి కావాల్సింది ఒకే ఒక్క మాట. అది ఖలీల్ ఉస్తాద్ నోటి నుంచి రావాలి. ఎలీషా ఎదగలేదు, ఇక ఎదగడు అన్న మాట.

ఎలీషా మూసీ రేంజర్స్ జట్టులో ఫార్వర్డ్. ఇరవై ఒక్క ఏళ్లు. రెండేళ్ల కిందట లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి నేరుగా ప్రొఫెషనల్ హాకీ లీగ్‌లో అడుగుపెట్టినప్పుడు అందరూ మా వాడు, మా వాడు అన్నారు. తర్వాత అనుకున్నన్ని గోల్స్ రాలేదు. అంతే, అందరూ డాక్టర్లయిపోయారు. మిడ్‌ఫీల్డ్‌కి మార్చమని ఒకరు, జూనియర్ జట్టుకి పంపి ఇంకో రెండేళ్లు ఆగమని మరొకరు. తప్పంతా కోచ్‌ది అన్నవాళ్లున్నారు. తిండిది అన్నవాళ్లున్నారు. సెల్‌ఫోన్‌ది అన్నవాళ్లూ ఉన్నారు. సికింద్రాబాదులో హాకీ చూసేవాళ్లు వందల్లో ఉంటే హాకీ గురించి మాట్లాడేవాళ్లు వేలల్లో ఉంటారు.

ఆ వేలమందీ వాదించుకునేది జ్ఞానేశ్వర్ ఫోన్‌లో నడిపే పేజీలోనే. దాని పేరు హాకీ అడ్డా. ప్రతి మ్యాచ్ అయ్యాక ఎలీషా ఎన్ని బంతులు పోగొట్టుకున్నాడో లెక్కకట్టి అందులో పెట్టేవాడు. లెక్క ఎన్నడూ తప్పలేదు. అదే అతని గర్వం. ఒకసారి ఆ లెక్క కింద, "రెండేళ్లు నీళ్లు పోశాం. మొలక ఇంకా మొలకే" అని రాశాడు. జనానికి తెగ నచ్చేసింది. అప్పట్నుంచి ఎలీషా దగ్గర బంతి పోతే చాలు, స్టేడియంలో "మొలకా! మొలకా!" అని ఒకటే గోల.

ఇప్పుడు సీజన్ చివరికొచ్చింది. ఎవరిని ఉంచాలో ఎవరిని పంపాలో జట్టు వాళ్లు తేల్చుకునే సమయం. పేజీలో ఓటు పెడితే సగం మంది ఉంచాలన్నారు, సగం మంది పంపాలన్నారు. ఎలీషాకి ఎనిమిదో ఏట స్టిక్ పట్టుకోవడం నేర్పింది ఉస్తాదే. ఆయన ఒక్క మాటంటే ఇంకెవరూ నోరెత్తరు.

ఉస్తాద్ గ్రౌండ్ అంచున బెంచీ మీద కూర్చుని ఒక పాత స్టిక్కుకి కొత్త గ్రిప్ చుడుతున్నాడు. డెబ్బై దాటాయి. ఒకప్పుడు గోల్‌కీపర్. రెండు చేతుల్లోనూ తిన్నగా ఉన్న వేలు ఒక్కటీ లేదు. ఎదురుగా గోడ. ఆ గోడే ఆయన బడి. బంతిని గోడకి కొట్టాలి, తిరిగొచ్చిన దాన్ని స్టిక్కుతో చప్పుడు కాకుండా ఆపాలి. చప్పుడైతే నీ చెయ్యి భయపడిందన్నమాట అనేవాడు. జ్ఞానేశ్వర్ కూడా చిన్నప్పుడు ఆ గోడ ముందు మూడేళ్లు నిలబడ్డాడు. ఒక్కనాడూ చప్పుడు కాకుండా ఆపలేకపోయాడు. ఆట మానేశాడు.

"ఉస్తాద్, ఒకటి అడుగుత. నిజం చెప్పాలె."

"అడుగు బేటా."

"రెండేండ్ల సంది ఎలీషా ఏమన్న ఎదిగిండా?"

ఉస్తాద్ గ్రిప్ కొసని పళ్లతో పట్టి బిగించాడు. "నువ్వేమంటవ్?"

"నేననేదేముంది, లెక్కలే అంటున్నయ్. కొందరు నన్ను రాక్షసుడంటున్నరు. ఉన్నది రాస్తే రాక్షసుడా? మీరొక్క మాట చెప్పున్రి, పేజీల పెడ్త. లొల్లి ఖతం."

"ఆదివారం మ్యాచ్‌కి పోతున్నవా?"

"పోకుంట ఎట్లుంట?"

"నా దోస్తు ఒకడొస్తుండు. కండ్లు కనబడవు. పక్కన కూసోని ఆట చెప్పు. నీకు మాటలు మంచిగొస్తయ్ గదా. జవాబు తర్వాత ఇస్త."

ఇంతేనా అనుకున్నాడు జ్ఞానేశ్వర్.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మైదానానికి నీళ్లు కొడుతున్నారు. మూడో వరసలో ఉస్తాద్ పక్కన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, గుండీలన్నీ మెడదాకా పెట్టుకున్నాడు. మోకాళ్ల మధ్య చేతికర్ర.

"దానియేలు," అన్నాడు ఉస్తాద్. "రైల్వేల గ్యాంగ్‌మన్ జేసిండు. షుగరొచ్చి కండ్లు పోయినయ్. మన ఎలీషా వాళ్ల నాయిన." తర్వాత పెద్దాయన వైపు వంగి, "ఇతను జ్ఞానేశ్వర్. నా పాత శిష్యుడు. ఆట మంచిగ చెప్తడు," అన్నాడు. ఇంకేం చెప్పలేదు.

జ్ఞానేశ్వర్ గేటు వైపు చూశాడు. ఏదో పని గుర్తొచ్చిందని లేచిపోవచ్చు. కానీ దానియేలు అప్పటికే గాల్లో తడుముకుని అతని మణికట్టు పట్టుకున్నాడు.

"అంత చెప్పుడొద్దు సారూ. మావోడొక్కడు ఏం జేస్తుండో చెప్తే సాలు."

ఆట మొదలైంది. చెప్పడం మొదలుపెట్టాక గానీ జ్ఞానేశ్వర్‌కి తన సంగతి తెలిసిరాలేదు. ఇన్నేళ్లూ అతను చూసింది బంతిని. బంతి వెళ్తే ఎలీషా కనిపించేవాడు, బంతి పోతే ఎలీషా కూడా పోయేవాడు. ఇవాళ బంతి ఎక్కడున్నా సరే, కళ్లు ఎలీషా మీదే ఉంచాలి.

"ఎడమ దిక్కు ఉరికిండు అంకుల్. బంతి రాలే. ఎనక్కొచ్చిండు. మళ్లా ఉరుకుతుండు. అటు టీమోళ్లు ఇద్దరు ఆయన ఎంబడి పడ్డరు."

"ఇద్దరా? మరి మధ్యల ఎవరున్నరు?"

జ్ఞానేశ్వర్ చూశాడు. మధ్యలో ఎవరూ లేరు. సరిగ్గా ఆ ఖాళీలోంచే కెప్టెన్ బంతిని తోసుకుంటూ వెళ్లి గోల్ కొట్టాడు. జనం లేచి ఎగిరారు. అందరూ కెప్టెన్ మీద పడి కౌగిలించుకుంటున్నారు. దూరంగా గీత పక్కన ఎలీషా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఒగురుస్తున్నాడు. వాడివైపు ఒక్కరు చూస్తే ఒట్టు.

"గోల్ మీవోడి వల్లనే అయింది అంకుల్," అన్నాడు జ్ఞానేశ్వర్. అలా అన్నందుకు తనకే ఆశ్చర్యమేసింది. అతను రాసే లెక్కల్లో దీనికి చోటు లేదు.

పెద్దాయన తల ఊపాడు. కాసేపటికి చెవి పక్కకి వంచి, "ఇప్పుడు బంతి ఆపింది మావోడే గదా?" అన్నాడు.

"అవును. మీకెట్ల తెలిసింది?"

"కొట్టిన చప్పుడొచ్చింది. ఆపిన చప్పుడు రాలే." దానియేలు ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది. "నేను డ్యూటీ దిగొచ్చి పొద్దుగాల పండుకునేటోన్ని సారూ. ఇల్లంత ఒక్కటే అర్ర. వాళ్లక్క బంతి చేత్తోటి ఇసిరేది, వీడు స్టిక్కుతోటి ఆపేటోడు. నాకు నిద్ర చెడొద్దని చప్పుడు గాకుంట ఆపుడు నేర్సుకున్నడు. నేను మెలకువతోనే ఉండేటోన్ని. లేస్తే ఆడుడు బంద్ జేస్తడని, పండుకున్నట్టు చేసేటోన్ని."

మూడేళ్లు గోడ ముందు నిలబడినా జ్ఞానేశ్వర్‌కి రాని విద్య అది. మ్యాచ్‌కి పాతికసార్లు ఎలీషా అలా చప్పుడు లేకుండా ఆపుతూనే ఉన్నాడు. ఆపిన బంతుల్ని లెక్కపెట్టాలని అతనికెప్పుడూ తోచలేదు.

చివరి క్వార్టర్ వచ్చేసరికి రెండు జట్లకీ చెరొక గోల్ అయింది. గీత దగ్గర ఇద్దరు ఎలీషాని చుట్టుముట్టి బంతి లాక్కున్నారు. వెంటనే వెనక వరసల్లోంచి మొదలైంది. "మొలకా! మొలకా!"

మణికట్టు మీద వేళ్లు బిగిశాయి.

"అది... ఎవరినో అంటున్నరు అంకుల్," అన్నాడు జ్ఞానేశ్వర్.

"మావోన్నే సారూ. నాకెరికే. ఫోన్ల ఏదో పేజీ ఉన్నదట. మా పక్కింటి పిల్ల సదివి ఇనిపిస్తది. నేనే సదవమంట."

"ఎందుకంకుల్ అవన్ని ఇనుడు?"

"బయట ఏమంటున్నరో ఎరికుంటే, వాడు ఇంటికొచ్చినప్పుడు ఏం మాట్లాడొద్దో తెలుస్తది."

ఉస్తాద్ మైదానం వైపే చూస్తున్నాడు. జ్ఞానేశ్వర్‌కి ఆయన్ని చూసే ధైర్యం లేకపోయింది.

ఇంకా రెండు నిమిషాలుంది. వెనక నుంచి ఎలీషాకి పొడుగాటి పాస్ వచ్చింది. ముందు ఒక్క డిఫెండర్, వాడి వెనక గోల్‌కీపర్. ఎలీషా వంగాడు. గోల ఇంకా ఆగలేదు. మొలకా, మొలకా.

టక్‌మంది.

బంతి స్టిక్కుకి తగిలి రెండడుగులు అవతల పడింది. ఎదుటివాళ్లు అందుకున్నారు. అరనిమిషంలో ఇటు గోల్ అయిపోయింది. జ్ఞానేశ్వర్ చెప్పడం ఆపేశాడు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

"చప్పుడైంది," అన్నాడు దానియేలు.

"అయింది అంకుల్."

"ఈ మధ్య టీవీల గూడ అయితుంది. ఈ మొలక మొలక అనుడు షురువైన కాడినుంచే అయితుంది." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే జ్ఞానేశ్వర్‌కి కాస్త నయంగా ఉండేది.

జనం వెళ్లిపోతున్నారు. పెద్దాయన లేచి నిలబడి, అతని చెయ్యి వదలకుండానే అన్నాడు. "ఎవ్వరు ఇట్ల ఆట జెప్పలే సారూ. మావోడు ఉరికినకాడికల్లా నేను గూడ పోయొచ్చిన. మీకు పుణ్యముంటది, ఒక్క పని జేయున్రి. ఆ పేజీ రాసేటాయన మీకెరికైతే, ఒక్క పూట పక్కన కూసోబెట్టుకోని ఆయనకు గూడ గిట్లనే చెప్పున్రి."

జ్ఞానేశ్వర్ ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ కుర్చీ కింద జారిపడిన చేతికర్ర వెతుకుతున్నాడు. దొరికాక, దాన్ని తీసి దానియేలుకి అందించాడు.

మర్నాడు జ్ఞానేశ్వర్ పేజీలో పెద్ద వ్యాసం రాశాడు. బంతి లేకుండా ఎలీషా పెట్టిన పరుగుల గురించి, ఖాళీ అయిన మధ్యభాగం గురించి, చప్పుడు కాకుండా ఆపిన బంతుల గురించి. చదివినవాళ్లు నవ్వుకున్నారు. "అన్నకి మొలక మీద ప్రేమ పుట్టిందిరో" అన్నారు. "నువ్వు పెట్టిన పేరే కదన్నా" అన్నారు. ఓటు మూసేద్దామని చూస్తే, అప్పటికే పంపాలన్నవాళ్లు ఎక్కువయ్యారు.

గురువారం జట్టు జాబితా వచ్చింది. ఎలీషా పేరు లేదు.

శనివారం పొద్దున్నే జ్ఞానేశ్వర్ గ్రౌండ్‌కి వెళ్లాడు. గేటు దగ్గరే వినిపించింది. టక్. కాసేపాగి మళ్లీ టక్. గోడ ముందు ఎలీషా ఒక్కడే. వీపు ఇటు ఉంది, ముఖం కనబడటం లేదు. బెంచీ మీద ఉస్తాద్, ఆయన పక్కనే దానియేలు.

దారి పొడవునా మనసులో కూర్చుకున్న మాటలతో జ్ఞానేశ్వర్ బెంచీ దగ్గరికి వచ్చాడు. ఉస్తాద్ అతన్ని చూశాడు. తర్వాత ఇస్తానన్న జవాబు ఊసు ఎత్తలేదు. బెంచీ మీద కాస్త జరిగాడు. ఇద్దరి మధ్యా ఒక మనిషికి చోటైంది.

జ్ఞానేశ్వర్ కూర్చున్నాడు.

"ఎవరు?" అన్నాడు దానియేలు.

"నేనే అంకుల్, జ్ఞానేశ్వర్."

"మీరా సారూ! మంచిగొచ్చిన్రు." చెయ్యి తడుముకుంటూ వచ్చి మణికట్టు పట్టుకుంది. "వాడు పొద్దటిసంది నిల్సొనే ఉన్నడు. ఏం జేస్తుండో జెర చెప్పున్రి."

"గోడకు కొడ్తుండు. తిరిగొచ్చింది. ఆపిండు..." జ్ఞానేశ్వర్ ఆగాడు. "అంకుల్, ఆ పేజీ నాది. మొలక అన్నది నేనే."

మణికట్టు మీది వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. దానియేలు ఆ చెయ్యి తీసి తన మోకాలి మీద పెట్టుకున్నాడు. గోడ దగ్గర టక్‌మంది. మళ్లీ టక్‌మంది. జ్ఞానేశ్వర్ తల వంచుకున్నాడు. తిడితే బాగుండును, లేచి వెళ్లిపోతే బాగుండును అనుకున్నాడు. పెద్దాయన ఆ రెండూ చేయలేదు.

చెవి గోడ వైపు వంచి అన్నాడు. "చెప్పుడు ఆపిన్రేంది సారూ?"

జ్ఞానేశ్వర్ తలెత్తాడు. కళ్లు మసకగా ఉన్నాయి. చొక్కా చేతికి తుడుచుకుని గోడ వైపు చూశాడు.

"బంతి ఎనక్కి లాక్కున్నడు. చూస్తుండు. కొట్టిండు. గోడకు తాకింది. తిరిగొస్తుంది అంకుల్... వంగిండు."

ముగ్గురూ ఊపిరి బిగబట్టి విన్నారు.

చప్పుడైంది.